నెమ్ముకు మందు వెదికించిన తెలుగువాడు – డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాసి పంపమని మీరు కబురు పెట్టినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిది. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి ఏటా ఎవరో ఒకరు బాగా రాస్తూనే ఉన్నారు. సుబ్బారావు గారి గురించి మన సంచికలో వచ్చినట్టు నాకు గుర్తు లేదు. అదీగాక ఆయన పేరుతో నాకు కొంచెం సొంత లెక్క కూడా ఉంది. ముందు అది చెప్పి తర్వాత ఆయన కథలోకి వస్తాను.

నేను అర్ధవీడు హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఒక చలికాలం గది మొత్తానికి దగ్గు పట్టుకుంది. నల్లమల మీదనుంచి వచ్చే చలిగాలి సంగతి మీకు చెప్పనక్కరలేదు. పక్కపక్కనే చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళం కాబట్టి ఒకడి దగ్గు వారం తిరక్కముందే పదిమందిదయ్యింది. అందరికీ తగ్గిపోయింది గాని, నా పక్క చాప వాడికి మాత్రం జ్వరం దిగలేదు. ఎగపోత మొదలైంది, పక్కటెముకల కింద నొప్పి అని ముడుచుకుని పడుకునేవాడు. వాళ్ళమ్మ వచ్చి చూసి నెమ్ము చేరిందని ఏడ్చింది. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పదిరోజులకు బతికి వచ్చాడు. ఏం మందు ఇచ్చారని అడిగితే ఏవో గొట్టాలు అన్నాడు. మా పల్లెల్లో క్యాప్సూళ్ళను అలాగే అనేవాళ్ళం.

ఇంటర్ తర్వాత నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పరీక్ష ఒకటి నేర్పారు. దాని పేరు ఫిస్కే – సుబ్బారో పద్ధతి. మా సార్ ఆ పేరును తెల్లవాళ్ళ పేర్లు పలికినట్టే పలికేవారు. నేను ఆ సుబ్బారో ఎవరో ఇటలీ దొర అయ్యుంటాడనుకున్నాను. రికార్డు బుక్కులో ఎన్నోసార్లు ఆ పేరు రాశాను, ఎర్రసిరాతో గీత కూడా కొట్టాను. ఆయన భీమవరంలో పుట్టిన సుబ్బారావు అని తెలిసింది మాత్రం కోర్సు అయిపోయాక, పాత దినపత్రిక ఒకటి చదివినప్పుడు. ఆ రోజు నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ కలిగింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి ఆరోగ్యం బాగుండక ఉద్యోగం ముందే వదులుకోవలసి వచ్చింది. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. పదమూడేళ్ళ వయసులో ఈ కుర్రవాడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి పారిపోయాడు. తల్లి వెతికించి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. ఆ తల్లి మొండి మనిషి. చదువు తప్ప వేరే దారి లేదని గట్టిగా నమ్మింది. నగలు అమ్మి చదివించిందంటారు.

అంత చేసినా కొడుకు మెట్రిక్యులేషన్ తప్పాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. మద్రాసు వెళ్ళి హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి గట్టెక్కాడు. మూడోసారి పరీక్ష రాసే వాడికి ఊళ్ళో ఎలాంటి మర్యాద దక్కుతుందో మనలో కొందరికి తెలుసు. ఈ మధ్యలోనే తండ్రి కూడా పోయారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదువుతుండగా ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలని ఉంటే వైద్యం చదివి చేయమని మిషన్ పెద్దలే సలహా ఇవ్వడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. పెళ్ళి కూడా అయ్యింది. భార్య శేషగిరి గారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువు ఖర్చులకు ఆదుకున్నారు.

ఆయన మెడికల్ కాలేజీలో ఉన్న కాలంలోనే, 1918లో, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ జబ్బులో ప్రాణాలు పోయింది చాలావరకు జ్వరంతో కాదు, దాని వెనక వచ్చిన నెమ్ముతో. అప్పటికి నెమ్ముకు నిఖార్సైన మందు లేదు. రోగిని వెచ్చగా ఉంచడం, గంజి పట్టడం, జ్వరం ఎప్పుడు విడుస్తుందా అని రోజులు లెక్కపెట్టడం, అంతే. తొమ్మిదో రోజో పదో రోజో చెమట పట్టి జ్వరం దిగితే బతికినట్టు.

గాంధీ గారి పిలుపు విని సుబ్బారావు గారు ఖద్దరు కట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ గదికి కూడా ఖద్దరుతో కుట్టించిన గౌను వేసుకుని వెళ్ళేసరికి సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు కోపం వచ్చింది. పరీక్షలు బాగా రాసినా ఆయనకు దక్కింది పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. ఆ కాగితంతో మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పంతులుగా చేరారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడిపోతుంది, మనిషి కళ్ళముందే ఎండిపోతాడు. అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. అన్నదమ్ములను మింగిన ఆ జబ్బుకు మందేమిటో తేల్చాలన్న పట్టుదల మాత్రం ఆయనను జీవితాంతం వదల్లేదు.

అమెరికా పోయి చదవాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది, మిగతాది మామగారు సర్దారు. సత్యలింగ నాయకర్ చదువుకోని మనిషి, సముద్రం దాటి బర్మా వెళ్ళి కష్టపడి సంపాదించినదంతా ధర్మానికి రాసిపోయినవాడు. మనలో ఎవరు స్కాలర్‌షిప్పుతో చదివినా ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవచ్చు. 1922 అక్టోబరు 26న సుబ్బారావు గారు బోస్టన్ రేవులో దిగారు. అప్పటికాయన వయసు 27. ఆయన వెళ్ళాక శేషగిరి గారికి కొడుకు పుట్టాడు. తొమ్మిది నెలలు నిండేసరికి ఎరిసిపెలస్ అనే సూక్ష్మజీవి రోగంతో ఆ బిడ్డ చనిపోయాడు. తండ్రి ఆ పిల్లవాణ్ణి చూడనేలేదు. తర్వాత ఆయన స్వదేశానికి ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆ ఇల్లాలి బతుకు గురించి పుస్తకాల్లో రెండు మూడు వాక్యాల కంటే ఎక్కువ కనబడవు, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

హార్వర్డ్‌లో ఉష్ణదేశ వ్యాధుల పాఠశాలలో చేరారు గాని, మన దేశపు వైద్య సర్టిఫికెట్ అక్కడ పెద్దగా చెల్లలేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పళ్ళాలు కడగడం ఆ పనిలో భాగం. పగలు చదువు, రాత్రి ఆ పని. డిప్లొమా చేతికి వచ్చాక హార్వర్డ్ మెడికల్ స్కూల్లో బయోకెమిస్ట్రీ శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధకుడిగా చేరారు.

అక్కడ మొదటి పని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టడం. 1925లో ఇద్దరూ దాన్ని ప్రకటించారు. నేను చేతులారా చేసిన పరీక్ష కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను. రక్తంలోని మాంసకృత్తులను ముందు ఆమ్లంతో విరగ్గొట్టి వడకట్టాలి. ఆ తేటలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే అందులో ఉన్న ఫాస్ఫేట్ దానితో జత కడుతుంది. అప్పుడు ఇంకో రసాయనం నాలుగు చుక్కలు వేయగానే నీళ్ళు నీలంగా మారతాయి. ఫాస్ఫరస్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. రంగును కలరీమీటరులో చూసి లెక్క వేస్తాం. ఆ నీలం ఎందుకొస్తుందంటే, రెండో రసాయనం తన ఎలక్ట్రాన్లను మాలిబ్డినంకు ఇచ్చేస్తుంది కాబట్టి. పదో తరగతి పుస్తకంలో చదివే ఆక్సీకరణం, క్షయకరణం ఇదే. ఒకటి ఇస్తుంది, ఇంకొకటి పుచ్చుకుంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సంగతి గుర్తు పెట్టుకోండి, నెమ్ము దగ్గర మళ్ళీ వస్తుంది.

ఆ నీలిరంగు పట్టుకుని వాళ్ళిద్దరూ కండరాలలోకి వెళ్ళారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరం పని చేయడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అప్పటిదాకా చెప్పేవారు, ఆ సిద్ధాంతానికి సంబంధించిన పరిశోధనకు 1922లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఫాస్ఫోక్రియాటిన్‌తో అది కదిలిపోయింది. 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే సంవత్సరం దాన్ని కనుగొన్నాడు. ఏ.టి.పి. అంటే కణంలో చెల్లే రొక్కం అనుకోండి. కండరం ముడవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, ఊపిరితిత్తిలో ఒక కణం తన గాయం తాను మానుపుకోవాలన్నా ఈ రొక్కమే ఖర్చు పెట్టాలి. 1930లో సుబ్బారావు గారికి పిహెచ్.డి. వచ్చింది. తర్వాతి పదేళ్ళు కాలేయ సారంలో ఏమేమి ఉన్నాయో విడదీస్తూ విటమిన్ల మీద పనిచేశారు. కాని హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దొరకలేదు. తోటివారు తర్వాత చెప్పినదాన్ని బట్టి, ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్కే బయటికి రానీయలేదట, వాటిని వేరేవాళ్ళు మళ్ళీ కొత్తగా కనుక్కోవలసి వచ్చిందట. సుబ్బారావు గారు తన పేరు కోసం దెబ్బలాడే మనిషి కాదు. అది మంచితనమా, చేతకానితనమా అని నన్నడిగితే నేను చెప్పలేను. ఆ గుణం వల్ల ఆయన నష్టపోయారని మాత్రం చెప్పగలను.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లీ లేబరేటరీస్ అనే మందుల సంస్థలో చేరారు. కొద్ది కాలానికే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడి ఎనిమిదేళ్ళలో జరిగిన పని ఒక మనిషి జీవితానికి మించినది. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. తన అన్నదమ్ములను చంపిన స్ప్రూ జబ్బుకు అది మందయ్యింది. ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా తయారు చేసిన అమినోటెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గేలా చేసి 1948లో ప్రకటించాడు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్, నేటికీ వాడుతున్నారు. 1947లో బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. ఏటా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే డి.ఇ.సి. మాత్ర అదే.

ఇక ఆరియోమైసిన్. ఈ వ్యాసం ఎత్తుకున్నదే దాని కోసం.

మన తెలుగు పత్రికల్లో కొందరు ఆరియోమైసిన్‌ను సుబ్బారావు గారు ఒక్కరే కనిపెట్టారని రాస్తారు. అది సరికాదు. మట్టిలోంచి ఆ సూక్ష్మజీవిని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. విశ్వవిద్యాలయంలో రిటైరై, డెబ్భై ఏళ్ళు దాటిన ముసలాయన. ఆ వయసు మనిషిని పిలిచి పని ఇచ్చింది, ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి పరీక్ష చేయించే పథకాన్ని నడిపించింది సుబ్బారావు గారి విభాగం. మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక వ్యవసాయ క్షేత్రంలోని మట్టిలో, 1945లో, బంగారు పసుపురంగు స్రవించే ఒక జీవి దొరికింది. దాన్నుంచి తీసిన మందు కూడా పసుపు రంగే. అందుకే దానికి బంగారం అర్థం వచ్చే పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటి మందు. 1948 జులైలో న్యూయార్క్‌లో వైద్యుల ముందు దాని ఫలితాలు వెల్లడించారు.

అప్పటికే పెన్సిలిన్ ఉంది కదా, మళ్ళీ ఇదెందుకని మీకు అనుమానం రావచ్చు. నెమ్ములు అన్నీ ఒకటి కావు. న్యుమోకాకస్ అనే క్రిమి వల్ల వచ్చే నెమ్మును పెన్సిలిన్ అణచేది. అది క్రిమి గోడను కట్టనివ్వదు. కాని సైనిక బారకాసుల్లో, బడుల్లో, హాస్టళ్ళలో, అంటే మనుషులు దగ్గర దగ్గరగా పడుకునే చోట్ల, ఒక రకం నెమ్ము పాకేది. నెమ్మదిగా మొదలై వారాల తరబడి పొడిదగ్గుతో వేధించేది. కొందరైతే నడుస్తూ తిరుగుతూనే ఉండేవారు. పెన్సిలిన్ దాని మీద అస్సలు పనిచేసేది కాదు. 1944లో ఈటన్ అనే ఆయన దాని కారకాన్ని పట్టుకున్నాడు గాని చాలాకాలం అది వైరస్ అనుకున్నారు. 1960ల మొదట్లో అది మైకోప్లాస్మా అనే అతి చిన్న క్రిమి అని రుజువైంది. దానికి గోడే లేదు. గోడే లేనప్పుడు గోడను కట్టనివ్వని మందు ఏం చేస్తుంది? ఆరియోమైసిన్ దారి వేరు. అది క్రిమి లోపల మాంసకృత్తులు తయారయ్యే యంత్రాన్ని ఆపుతుంది. అందుకే, క్రిమి పేరు సరిగా తేలకముందే ఆ నెమ్ము రోగులకు ఈ పసుపు మందు పనిచేసింది. మా గదిలో ఆ చలికాలం పాకిన దగ్గు ఏమిటో పరీక్ష చేసినవాళ్ళు లేరు. ఆ లక్షణాలు తలుచుకుంటే మాత్రం నాకు ఈ మైకోప్లాస్మాయే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఊపిరితిత్తి లోపలికి పోదాం. మన రెండు ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు కొన్ని కోట్లు ఉంటాయి. అన్నీ విప్పి పరిస్తే చిన్న ఇంటి నేలంతా కప్పేస్తాయి. వాటి గోడలు ఉల్లిపొర కంటే పలచన. క్రిమి చేరగానే రక్తంలోని తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుతాయి. క్రిమిని మింగి, ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఎక్కించి సూపర్ ఆక్సైడ్ అనే కోపిష్ఠి పదార్థాన్ని చేస్తాయి. దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. తెల్లకణంలోని ఒక ఎంజైము ఆ పెరాక్సైడ్‌ను ఉప్పులోని క్లోరైడ్‌తో కలిపి బ్లీచింగ్ ద్రవం వంటి ఆమ్లాన్ని తయారు చేస్తుంది. అంటే బావుల్లో క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడరు చల్లినట్టే, శరీరం తన లోపల తానే చల్లుకుంటుంది. క్రిములు చస్తాయి. కాని బ్లీచింగ్‌కు క్రిమి ఏది, మన కణం ఏది అన్న తేడా తెలియదు. కణాల పైపొరలోని కొవ్వులు కాలిపోతాయి, డి.ఎన్.ఎ. తెగుతుంది, గాలి తిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే జిగురుపొర చెడిపోతుంది. తిత్తుల్లో నీరు దిగుతుంది. అదే మన పెద్దవాళ్ళు చెప్పే నెమ్ము. దీన్నే వైద్యశాస్త్రంలో ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నారు.

ఇందులో విచిత్రం ఏమిటంటే క్రిములు కూడా ఇదే ఆయుధం వాడతాయి. న్యుమోకాకస్ తానే హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేసి వదులుతుంది. మైకోప్లాస్మా కూడా అంతే, శ్వాసనాళం గోడకు అంటుకుని కూర్చుని పెరాక్సైడ్ కక్కుతుంది. రెండు వైపుల నుంచీ నిప్పులు పడుతుంటే మధ్యలో నలిగేది ఊపిరితిత్తి. మార్కాపురం పలకల మిల్లుల్లో రాయి కోసేవాళ్ళ సంగతి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాతిదుమ్ములోని సిలికాను తెల్లకణాలు మింగుతాయి గాని అరిగించుకోలేవు. చావని శత్రువు మీద నిప్పులు కురిపిస్తూనే ఉంటాయి. ఏళ్ళు గడిచేసరికి ఊపిరితిత్తి మచ్చలుపడి గట్టిపడుతుంది. మనం అక్షరాలు దిద్దిన పలక వెనక ఎవరి ఊపిరో ఉంది. మీ ఇళ్ళలో ఎవరైనా ఆ పని చేస్తుంటే ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు కట్టుకోమని చెప్పండి.

ఇంత దాడిలోనూ చాలామంది బతుకుతున్నారంటే శరీరానికి కాపుదల ఉండబట్టే. సూపర్ ఆక్సైడ్‌ను చల్లార్చే ఎంజైమును 1969లో అమెరికాలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు గుర్తించారు. పెరాక్సైడ్‌ను నీరుగా మార్చేవి కెటలేజు, గ్లూటాథయోన్ పెరాక్సిడేజు. వీటికి తోడు గ్లూటాథయోన్ అనే చిన్న పదార్థం ఉంది. ఊపిరితిత్తుల లోపలి పొరను తడిపి ఉంచే ద్రవంలో ఇది రక్తపు తేటలో కంటే వంద రెట్లకు పైగా ఉంటుంది. ఇది తన ఎలక్ట్రాన్‌ను ఇచ్చేసి కణాన్ని కాపాడుతుంది. నేను ముందు చెప్పిన ఇచ్చిపుచ్చుకోవడమే ఇది. మరి ఈ గ్లూటాథయోన్ ఎలా తయారవుతుంది? మూడు అమైనో ఆమ్లాలను రెండు మెట్లలో అతికించాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒక ఏ.టి.పి. ఖర్చవుతుంది. 1929లో ఫిస్కే, సుబ్బారావు గార్లు కండరంలోంచి తీసిన ఆ రొక్కమే ఇక్కడ ఊపిరిని కాపాడే కవచానికి కూలి. నెమ్ము ముదిరినప్పుడు తెగిన డి.ఎన్.ఎ.ను అతకడానికే కణం తన నిల్వలన్నీ పోసేసి ఏ.టి.పి. లేక చతికిలబడుతుంది. కవచం కట్టే కూలి డబ్బు కూడా మిగలదు.

ఇంకో ముడి కూడా ఉంది. గాలి తిత్తులను కాపాడే ఆ జిగురుపొర ఎక్కువ భాగం ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులే. అది ఎంత ఉందో, ఎంత చెడిందో చూడడానికి పరిశోధకులు అందులోని ఫాస్ఫరస్‌ను కొలుస్తారు. దానికి ఎక్కువగా వాడిన పద్ధతి 1959లో బార్ట్‌లెట్ అనే ఆయన సవరించినది. ఆయన సవరించింది మన ఫిస్కే – సుబ్బారో పద్ధతినే. మళ్ళీ అదే నీలిరంగు. సుబ్బారావు గారు ఊపిరితిత్తుల మీద ప్రత్యేకంగా పరిశోధన చేసిన దాఖలాలు నేను చూడలేదు. అయినా ఊపిరితిత్తి మీద పనిచేసేవాడు ఏ తలుపు తీసినా ఆయన అక్కడ కనబడతారు.

ఒక సంగతి చెప్పకపోతే మీరు పొరబడతారు. యాంటీ ఆక్సిడెంట్లు అంటూ సీసాల్లో అమ్మే మాత్రలు, పొడులు తింటే నెమ్ము రాదని, వచ్చినా పోతుందని రుజువు కాలేదు. మన నల్లమల ఉసిరికాయలో విటమిన్ సి దండిగా ఉంది, తినండి, మంచిదే. కాని జ్వరం, ఎగపోత ఉన్నవాడికి ఉసిరికాయ పెట్టి కూర్చోకూడదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. అలాగే టెట్రాసైక్లిన్ జాతి మందులు మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని మింగేవి కావు. చిన్నపిల్లలకు వాటివల్ల పళ్ళు పసుపుబారతాయి. ఆరియోమైసిన్ పేరు ఇప్పుడు మనుషుల వైద్యంలో దాదాపు వినబడదు. దాని వంశంలోని డాక్సీసైక్లిన్‌ను మాత్రం నెమ్ముకు డాక్టర్లు నేటికీ రాస్తున్నారు. ఆ జాతి మందులకు క్రిములను ఆపడమే కాక, ఒంట్లో వాపును, కణజాలాన్ని కొరికే కొన్ని ఎంజైములను తగ్గించే గుణం కూడా ఉందని తర్వాత తేలింది. అది సుబ్బారావు గారి కాలానికి ఎవరికీ తెలియని సంగతి. ఇక న్యుమోకాకస్‌కు టీకా మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలై 2021లో అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. మీ ఇళ్ళలో పసిబిడ్డలుంటే వేయించారో లేదో అడగండి. ఉచితమే.

ఆరియోమైసిన్ ఫలితాలు వైద్యలోకానికి తెలిసిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టు 8 రాత్రి, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53. స్వతంత్రం వచ్చి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. పాతికేళ్ళకు పైగా అమెరికాలో ఉన్నా ఆయన ఆ దేశపు పౌరుడు కాకుండానే పోయారు. నోబెల్ రాలేదు. చాలా కాగితాల మీద ఆయన పేరు కూడా లేదు. తన కింద పనిచేసినవాళ్ళ పేర్లు ముందుండేలా చూసేవారని తోటివారు చెప్పుకున్నారు.

1953లో లెడర్లీలో పనిచేసే హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త ఒక కొత్త శిలీంధ్రాన్ని గుర్తించి దానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టాడు. శతజయంతి సంవత్సరం 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. నా రికార్డు బుక్కు మొన్న అటక మీద దొరికితే, ఎర్రసిరా గీత కింద సుబ్బారో అని రాసి ఉన్న చోటల్లా కొట్టేసి సుబ్బారావు అని తెలుగులో రాశాను. మీ సైన్సు సారుకు చూపిద్దామని ఆ పుస్తకం ఈ వ్యాసంతో పాటే పంపుతున్నాను. చూశాక హాస్టల్ లైబ్రరీలో ఉంచండి.

మీ పాత హాస్టలర్